ద్వాదశి నాటి మాత్రలు

పాలు పోయించుకున్నాక అచ్చయమ్మగారు రోజూ పొద్దున్నే ఏదో ఒకటి అడిగేవారు. "ఈవేళ ఏం కూరే చిన్నతల్లీ?" అనో, "మీ దూడ లేచి తిరుగుతోందా?" అనో. పాలు పోసే చిన్నతల్లి వెళ్ళిపోతే మళ్ళీ మర్నాటిదాకా ఆ గుమ్మంలో మాట వినబడదు. వేదం చెప్పుకున్న భర్త ఏనాడో పోయారు. పిల్లలు లేరు. కొత్తపేటలోని ఆ పెంకుటింట్లో ఆవిడా, దేవుడి మందిరమూను.

ఎనభై రెండో ఏట వెన్నులో రాచపుండని తేలింది. పెద్దాసుపత్రి డాక్టరు నొప్పికి నల్లమందు జాతి మాత్రలు రాసి, "పూటకొకటి, అంతే" అన్నారు.

తొలి ఏకాదశి వచ్చింది. ఆనాడు తులసి తీర్థం తప్ప ఆవిడ ఏదీ గొంతు దిగనివ్వరు. మాత్రలూ మానేశారు. రోజంతా నడుం విరిగిపోతున్నా "నారాయణా" అనుకుంటూ పళ్ళబిగువున ఓర్చుకున్నారు. ద్వాదశి తెల్లవారుజామున పారణ చేసి, మందు తప్పకూడదని, నిన్నటి మాత్రలన్నీ ఈవేళ్టి దానితో కలిపి మింగేశారు.

నొప్పి పోయింది. ఎన్నాళ్ళకో ఒళ్ళు తేలికైంది. స్వామి దయ అనుకుని చాప మీద ఒరిగారు.

తరువాత జరిగింది చిన్నతల్లి చెబితేనే ఆవిడకి తెలిసింది. పాలతో వచ్చి ఎంత పిలిచినా పలుకు లేదట. లోపల ఒక గురక, చాలాసేపటికి ఇంకొకటి. మడి ఇల్లని ఏనాడూ గడప దాటని మనిషి తలుపు తోసుకుని వచ్చిందట. ఆవిడ పెదవులు నేరేడుపండు రంగు. రిక్షాలో వేసుకుని, తల ఒళ్ళో పెట్టుకుని, ఊళ్ళో డాక్టరుగారి దగ్గరికి చేర్చింది. ఆయన రబ్బరు తిత్తితో ఊపిరి అందిస్తూ, ఇంజక్షను ఇచ్చి, తెలివి వచ్చేదాకా పక్కన కూర్చున్నారు.

"మానేసినవి కలిపి వేసుకోకూడదండీ. ఈ మందు ఎక్కువైతే నొప్పితోపాటు ఊపిరినీ నిద్రపుచ్చేస్తుంది. మందుకి ఏకాదశి లేదండీ, రోజూ వేసుకోండి. మాత్రలు మాత్రం ఇంకొకరి చేతిలో ఉండాలి. ఇంట్లో ఎవరున్నారు?"

అచ్చయమ్మగారు దుప్పటి అంచు సరిచేసుకున్నారు. గుమ్మం వైపు చూశారు.

గుమ్మంలో చిన్నతల్లి కళ్ళొత్తుకుంటూనే అంది: "బాగా బెదరగొట్టేరండీ అమ్మగారూ. ఇల్లంతా తొక్కేసేను, ఇహ ఏ గోదారి నీళ్ళతో కడుక్కుంటారో!"

"కడగనులేవే. ఇలా రా." ఆవిడ చెయ్యి చాపారు. "ఆ మాత్రలు మీ ఇంట్లో పెట్టుకోవే చిన్నతల్లీ. పూటకొకటి నువ్వే తెచ్చియ్యి. ఇచ్చేసి పరుగెత్తకు. కాసేపు లోపల కూర్చుని వెళ్ళు."