పంచదార దొరకని పద్నాలుగో తారీఖు

పీచుమిఠాయి అమ్మే మనిషి మనవరాలికి షుగరు జబ్బు. ఆ రోజు పొద్దున ఈ సంగతి నాకు తెలీదు, స్కూల్లో ఎవరికీ తెలీదు. మీకు మాత్రం ముందే చెప్పేస్తున్నాను. దాచి దాచి చెప్పడం నాకు చేతకాదు. డ్రిల్లు మాస్టర్ని. విజిలేస్తే అందరికీ ఒకేసారి వినపడాలి.

ఆయన పేరు నన్నే సాహెబ్. తాడేపల్లిగూడెంలో మా స్కూలు గేటు పక్కన ఆయన బండి నేను ఉద్యోగంలో చేరేనాటికే ఉంది. కాలితో పెడలు తొక్కుతూ, చేత్తో పుల్లకి గులాబీరంగు పీచు చుడుతూ, వచ్చిన ప్రతి పిల్లనీ పేరుపెట్టి పలకరించేవాడు. బెల్లు కొట్టినా పిల్లలు బండి దగ్గర్నుంచి కదలకపోతే నేను కర్ర పట్టుకుని వెళ్ళేవాణ్ణి. నాకు కోపం తొందరగా వస్తుందని పెంటపాడులో మా ఇంటి దగ్గర్నుంచి గూడెం దాకా అందరికీ తెలుసు. ఆయన మాత్రం నవ్వేసి నా చేతిలోనూ ఓ పుల్ల పెట్టేవాడు. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో పీచుమిఠాయి పట్టుకుని పిల్లల్ని గదమాయించడం ఎంత ఇబ్బందో నన్నడగండి.

నవంబరు పద్నాలుగున మాత్రం ఆయన వ్యాపారం చేసేవాడు కాదు. బాలల దినోత్సవమని బండిని స్కూలు లోపలికి తోసుకొచ్చి ప్రతి పిల్లకీ ఊరికే ఓ పుల్ల ఇచ్చేవాడు. హెడ్మాస్టర్లు మారారు గాని ఆ ఆనవాయితీ మారలేదు.

మనవరాలు రేహానా మా స్కూల్లోనే ఎనిమిదో తరగతి చదివేది. లేడిపిల్లలా పరిగెత్తేది. జిల్లా పోటీలకి ఏలూరు తీసుకెళ్తానని అడిగితే ఇంట్లో వద్దన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అసలు కారణం వేరే ఉందని నాకేం తెలుసు! ఆ పిల్లకి రోజూ పొద్దున ఇన్సులిన్ ఇంజక్షన్ పడాలి. తండ్రి షాకిర్ లారీ మీద నెలల తరబడి ఊళ్ళు తిరుగుతాడు. తల్లికి సూది చూస్తేనే చేతులు వణుకుతాయి. కాబట్టి సూది వేసేది తాతగారే. ఇంట్లో ఫ్రిజ్ లేదు. పక్కవాళ్ళ ఫ్రిజ్‌లో పెడితే పక్కవాళ్ళకి తెలిసిపోతుందని మందు సీసాల్ని తడి ఇసుక పోసిన కుండలో దాచేవారు. ఆడపిల్లకి చిన్నతనంలోనే షుగరని పేరు పడితే రేపు ఎవరు చేసుకుంటారని వాళ్ళ దిగులు. ఇప్పుడు తలుచుకున్నా ఆ దిగులు మీద నాకు కోపమే వస్తుంది, వాళ్ళ మీద మాత్రం రాదు.

మందు పడ్డాక వేళకి తినకపోతే షుగరు పడిపోయి ప్రాణం మీదకొస్తుందని ఆస్పత్రిలో చెప్పారట. అందుకని ఆయన రోజూ చిన్న పంచదార పొట్లం కట్టి మనవరాలి జామెట్రీ బాక్సులో పెట్టేవాడు. కళ్ళు తిరిగినట్టుంటే వెంటనే నోట్లో వేసుకోమనేవాడు. ఆ పొట్లం ఆ పిల్లకి ప్రాణం.

ఇక రెండువేల ఏడుకి వస్తాను. నవంబరు పద్నాలుగునే ప్రపంచ మధుమేహ దినం కూడా ఉండేదట. ఐక్యరాజ్యసమితి ఆ ఏడాది నుంచి తనూ జరపడం మొదలుపెట్టింది. ఏలూరు నుంచి డాక్టర్ శేషగిరిరావు గారు మా స్కూల్లో సభ పెడతామని కబురు చేశారు. మా హెడ్మాస్టరు భీమశంకరం గారికి ఒకే షామియానా, ఒకే మైకు సెట్టుతో రెండు దినోత్సవాలూ అయిపోతాయని పట్టరాని సంతోషం. నెహ్రూగారి పటం పైన ఒక బ్యానరు, కింద ఒక బ్యానరు కట్టించారు. పైదానిలో పిల్లలు మిఠాయి పంచుకుంటున్నారు. కిందదానిలో మిఠాయి మీద పెద్ద ఎర్ర ఇంటూ మార్కు. నేను చూసి నవ్వితే ఆయన కళ్ళెర్ర చేశారు.

డాక్టరుగారు మిఠాయి మానెయ్యమని ఒక్క మాటా అనలేదు. మా హెడ్మాస్టరుగారిదే అత్యుత్సాహం. ఆవేళ స్కూల్లో తీపి అన్నది కనపడకూడదన్నారు. పిల్లలకి శనగ గుగ్గిళ్ళు వండించారు. నన్నే సాహెబ్ బండిని రోడ్డు అవతలికి పంపించేశారు. ఆయన బండి తోసుకుపోతుంటే రోడ్డు దాటేదాకా నేనూ ఓ చెయ్యి వేశాను. పైగా క్లాసు లీడర్లు అందరి సంచులూ వెతికి చాక్లెట్లూ బిళ్ళలూ ఒక బకెట్లో వేసి తెచ్చారు. ఆ బకెట్టు హెడ్మాస్టరుగారి బీరువాలోకి పోయింది.

రేహానా తన పొట్లాన్ని తనే తీసి బకెట్లో వేసేసింది. ఎందుకు తెచ్చావని అడిగితే కారణం చెప్పాలి కదా. చెప్పడం కన్నా ఇచ్చెయ్యడం నయమనుకుంది పిచ్చితల్లి.

తర్వాత నీలం బెలూన్లు పట్టుకుని మార్కెట్ దాకా ఊరేగింపు చేశాం. ఎండగా ఉంది. తిరిగొచ్చి వరసల్లో నిలబడ్డాక ఉపన్యాసాలు మొదలయ్యాయి. గుగ్గిళ్ళు ఉపన్యాసాలయ్యాకే. పెద్దలు మాట్లాడుతుంటే పిల్లలు మాడడం మన దేశంలో ఏ దినోత్సవానికైనా మామూలే. డాక్టరుగారు మైకు అందుకునేసరికి ఎనిమిదో తరగతి వరసలో రేహానా కూలిపోయింది.

ఎండ దెబ్బన్నారు ఒకరు. టిఫిన్ చెయ్యలేదన్నారు ఇంకొకరు. మొహాన నీళ్ళు చల్లుతున్నారు. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, కళ్ళు తెరుస్తోంది గాని చూపు నిలవడం లేదు. డాక్టరుగారు చేతిలో మైకుతోనే పరుగెత్తుకొచ్చి, ఈ పాపకి ఏమైనా జబ్బుందా అని అడిగారు. మేమేం చెప్పగలం? తెలిస్తే కదా!

అప్పటికే నన్నే సాహెబ్ రోడ్డు దాటి గేటులోంచి వచ్చేశాడు. జనాన్ని తోసుకుని మనవరాలి పక్కన కూలబడి, ఒక్కసారి చుట్టూ చూశాడు. సభకి వచ్చిన పిల్లల తల్లిదండ్రులున్నారు, వాళ్ళ వీధివాళ్ళున్నారు, బంధువులున్నారు.

"షుగరండి బాబూ," అన్నాడు. "మా పిల్లకి షుగరుందండి. పొద్దున్నే ఇంజక్షన్ నేనే చేశానండి."

డాక్టరుగారి చేతిలో మైకు ఆపి లేదు. ఇసుక కుండలో దాచిన సంగతి గేటు మీది మైకు హారన్లలోంచి వీధి వీధంతా వినపడింది.

వెంటనే పంచదార కావాలన్నారు డాక్టరుగారు. స్కూల్లో చిటికెడు పంచదార లేదు. హెడ్మాస్టరుగారు బీరువా తాళం కోసం జేబులన్నీ తడుముకుంటున్నారు. నేను రోడ్డు అవతలికి పరిగెత్తి బండి మీది పంచదార డబ్బా ఎత్తుకొచ్చాను. నా సర్వీసులో అంత జోరుగా ఎప్పుడూ పరిగెత్తలేదు. డాక్టరుగారు పిల్ల మింగగలుగుతోందని చూసుకుని, నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా పట్టారు. కాసేపటికి చూపు నిలిచింది. అప్పటికి గాని నేను ఆ డబ్బా కింద పెట్టలేదు.

స్టాఫ్ రూములో బల్ల మీద పడుకోబెట్టాం. కిటికీ నిండా ఆడపిల్లల మొహాలే. రేహానా తాతని చూసింది.

"అందరికీ చెప్పేశావా దాదా?"

"చెప్పేశానమ్మా."

ఆ పిల్ల గోడవైపు తిరిగిపోయింది. ఆయన ఆ వీపుకేసి చూస్తూ నిలబడిపోయాడు. పిల్ల బతికింది గాని, పిల్ల మొహం చూసే హక్కు పోయిందన్నట్టుగా ఉన్నాడు.

కిటికీ దగ్గర పిల్లల్ని తరమడానికి నేను విజిలు నోట్లో పెట్టుకునేలోపల, రేహానా క్లాసులో చదివే తులసి లోపలికి దూరి బల్ల పక్కన నిలబడింది.

"ఇంజక్షన్ రోజూ వేసుకోవాలటే? నొప్పెడుతుందా?" అని అడిగింది.

రేహానా మెల్లగా ఇటు తిరిగింది.

"బాగా నొప్పెడుతుందే. రోజూ నొప్పే," అని భోరుమంది. తులసి బల్లెక్కి కూర్చుని చెయ్యి పట్టుకుంది.

నన్నే సాహెబ్ చప్పుడు లేకుండా వరండాలోకి వెళ్ళిపోయాడు. బండి కోసం వెళ్తున్నాడేమోనని వెనకే వెళ్ళాను. స్తంభానికి ఆనుకుని తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు.

"నాకు ఏనాడూ చెప్పలేదండి మాస్టారూ," అన్నాడు. "సూది వేసిన ప్రతిసారీ అడిగేవాణ్ణండి, నొప్పెట్టిందా అమ్మా అని. అస్సలు లేదు దాదా అని నవ్వేదండి."

ఆయన భుజం మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాను. లోపల ఆ పిల్లలిద్దరూ ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.