మా ఇంటి ప్రింటర్లో వచ్చిన పేరు

దెయ్యం పట్టిందని ఎవరన్నా చెప్తే, పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా తల్లీ అని అడిగే మనిషిని నేను. మా వీధిలో అందరికీ తెలుసు. గాలి సోకిందని తాయత్తు కట్టించుకోను బయల్దేరిన వాళ్లను ఆపి డాక్టరు దగ్గరికి తోలిన దాన్ని. యాభై ఆరేండ్లు అట్లే బతికినాను. అందుకే ఇప్పుడు చెప్పేదాన్ని ఏడాది పాటు మా ఇంటి గడప దాటనీలేదు. ఇన్నాళ్లూ ఊరికి బుద్ధి చెప్పి, ఇప్పుడు ఈమెకేమైంది అని నగుతారు కదా.

మాది మదనపల్లె. మా తమ్ముడు రమణ పుంగనూరులో సిమెంటు అంగడి పెట్టుకోనుండాడు. వాని మొదటి భార్య సుగుణ. సోమల పిల్ల. పదో తరగతి పాసై వచ్చింది మా ఇంటికి.

సుగుణకు పెండ్లిపత్రికలంటే పిచ్చి. ఎవరి పత్రిక వచ్చినా పారేయనిచ్చేది కాదు. కట్టగట్టి ట్రంకుపెట్టెలో పెట్టుకునేది. నేను పుంగనూరికి పోయినప్పుడల్లా మధ్యాన్నం అంట్లు తోమడం అయినాక ఆ కట్ట విప్పేది. నేను రెండో తరగతిలో బడి మానేసిన దాన్ని. అక్షరాలు తెలుసు, కూడబలుక్కోను రాదు. సుగుణ నా వేలు పట్టుకుని అక్షరం మీద పెట్టి, "వదినా, ఈడ సూడు. ఇది పెండ్లికూతురి పేరు. దీని కింద అమ్మ, నాయన" అని చదివించేది. నాకు చదవడం వచ్చింది పుస్తకాలతో కాదు, ఊర్లో వాళ్ల పెండ్లిపత్రికలతో.

ఒక దినం అట్లా కూర్చోని ఉన్నప్పుడు, ఒళ్లో నిద్రపోతున్న కూతురు పావనిని చూపించి అనింది.

"దీని పత్రికలో నా పేరు ఎర్రక్షరాలతో ఏయించల్ల వదినా. పక్కనే మా ఊరు కూడా, సోమల అని. మీ తమ్ముని పేరు నల్లగుండినా ఫర్వాలేదు. ఎట్లాగూ ఆయప్ప నల్లగానే ఉండాడు కదా!"

ఇద్దరం కడుపు పట్టుకుని నగినాము. ఆ గదిలో మేమిద్దరమే. పావనికి అప్పుడు రెండేండ్లు.

పావనికి నాలుగేండ్లు వచ్చేసరికి సుగుణ కామెర్లతో పోయింది. రమణ మళ్లీ పెండ్లి చేసుకున్నాడు. వచ్చిన పిల్ల లలిత మంచిదే, ఆమెను అనే పని లేదు. కానీ పావనిని నేనే మదనపల్లెకు తెచ్చుకున్నాను. తలంటి, జడలేసి, బడికి పంపి, డిగ్రీ దాకా నా ఇంట్లోనే పెరిగింది. బడిలో చేర్పించిన రోజు, మీ అమ్మ పేరేమి అని అడిగితే సుగుణమ్మ అని చెప్పాలని దోవ పొడుగునా పలికించుకుంటా పోయినాను.

సంబంధాలు చూసేటప్పుడు, ఆడపిల్లను తండ్రి ఇంటి నుంచే పంపల్ల కదా అని నేనే పుంగనూరికి తోలినాను. కుప్పం సంబంధం కుదిరింది. పెండ్లిచూపులకు నేనూ పోయినాను. వచ్చినోళ్లకు కాఫీలిచ్చింది నేనే.

మా పక్క ఒక వాడుక ఉండాది. పత్రిక అచ్చుకు పోయే ముందు, దాని నమూనా కాగితం మీద తీసి ఇంట్లో పెద్దవాళ్లతో పేర్లు చదివిస్తారు. ఎవరి పేరన్నా తప్పిపోతే పెండ్లినాడు ఆ అలకలు తీర్చేవాళ్లు ఎవరు? అన్నీ సరిగ్గా ఉంటే ఆ కాగితానికి నాలుగు మూలలా పసుపు పూసి దేవుని దగ్గర పెడతారు. చనిపోయిన వాళ్లయితే పేరు ముందు కీర్తిశేషులు అని వేస్తారు. పేరు మాత్రం పోదు.

నేను రమణను ముందే అడిగినాను, సుగుణ పేరు ఉంటాది కదరా అని. "లేకుండా ఎట్లా పోతాదక్కా" అన్నాడు. ఆ మాట నమ్మినాను.

నమూనాను పావని మా కోడలు శిరీష ట్యాబుకు పంపించింది. శిరీష ఇంట్లో ట్యూషన్ చెప్తాది. పిల్లోళ్ల పరీక్ష పేపర్లు తీసేదానికి ఒక ప్రింటరు కొన్నారు. అంతవరకు నా కొడుకు ల్యాప్‌టాప్‌కు వైరు తగిలించి తీసేది. వాడు దాన్ని ఆఫీసుకు తీసకపోతాడని, ఈసారి కొత్త ట్యాబుకే ప్రింటరును కలపాలని మొదలుపెట్టింది.

"ట్యాబులోనే చదువుకోండి అత్తమ్మా" అనింది.

నేను వేలు పెట్టి చదివే మనిషిని. ట్యాబులో వేలు పెడితే కాగితం పరిగెత్తిపోతాది. పట్టుకుందామని ఇంకో వేలు పెడితే అక్షరాలు గుమ్మడికాయలంత అవుతాయి. నాకు కాగితమే కావల్ల అని కూర్చున్నాను.

రెండు దినాలు తిప్పలు పడింది. ప్రింటరు మీద నీలం లైటు మిణుకుమిణుకుమంటానే ఉండాది, ట్యాబులో ప్రింటరు దొరకలేదనే వస్తాంది. వైఫై ఆపింది, పెట్టింది. ఏందో నంబరు అడిగితే కొట్టింది. ప్రింటరును బోర్లించి కింద ఉన్న చీటీ కూడా చదివింది.

"ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోవే! అత్తాకోడళ్లా ఏంది ఇవి?" అన్నాను.

"మనం మాట్లాడుకుంటాండాం కదత్తమ్మా. వీటికేం రోగం?" అనింది, చెమట తుడుచుకుంటా.

మూడో దినం పొద్దున పదకొండు గంటలప్పుడు విసిగిపోయి, ట్యాబును ఆపేసి లోపలి గదిలో చార్జింగుకు పెట్టింది. గుడ్డల బకెట్టు ఎత్తుకోని మిద్దె మీదికి పోయింది. నేను హాల్లో కూర్చోని అనపకాయలు ఒలుస్తాండాను. ఇంట్లో ఇంకెవరూ లేరు. వీధి తలుపు గడియ వేసుండాది.

ప్రింటరు కిర్రుమనింది. ఒక కాగితం బయటికి వచ్చింది.

కలిసినట్టుందిలే అనుకున్నాను. చేతులు కొంగుకు తుడుచుకోని తీసినాను. వేలు పెట్టి చదువుకుంటా వచ్చినాను. పావని పేరు. దాని కింద తల్లిదండ్రుల పేర్లు. ఆడ నా వేలు ఆగిపోయింది.

శ్రీమతి సుగుణ, సోమల. ఎర్రక్షరాలు. దాని పక్కన రమణ పేరు, నల్లగా. కాగితంలో మిగిలిందంతా నలుపే.

నాకు భయం కాలేదు. ఏడుపొచ్చింది. సుగుణ ఈ మాట మొగునికి కూడా చెప్పుకోనుంది, వాడు ఇన్నేండ్లు గుర్తు పెట్టుకున్నాడు అనుకున్నాను. నా తమ్ముడు ఎంత మంచోడు అనుకున్నాను. కీర్తిశేషులు అని వేయడం మర్చిపోయినారే, లలిత పేరు కూడా లేదే, పాపం ఆమెది కూడా వేయించల్ల, ఫోన్ చేసి చెప్పల్ల అని కూడా అనుకున్నాను. నాలుగు మూలలా పసుపు పూసి దేవుని గూట్లో పెట్టి దండం పెట్టుకున్నాను.

శిరీష కిందికి దిగి వస్తానే, కలిసిపోయిందే నీ ప్రింటరు అని చెప్పినాను. ఆ పిల్ల నా మొగం చూసింది.

"నేను పంపించనేలేదు కదత్తమ్మా. ట్యాబు ఆపేసుండాను."

లోపలికి పోయి ట్యాబు తెరిచింది. పత్రిక తీసి చదివింది. మళ్లీ చదివింది. "ఇందులో సుగుణమ్మ గారి పేరు లేదే" అనింది. నేను నమ్మలేదు. సరిగ్గా అప్పుడే ప్రింటరు మీద లైటు మిణుకుమనడం మానేసి నిలకడగా వెలిగింది. ట్యాబులో ప్రింటరు కనిపించింది. శిరీష నా ముందరే నొక్కింది. కాగితం వచ్చింది.

శ్రీమతి లలిత, శ్రీ రమణ. అంతే. ఇంకోటి తీయమన్నాను. ఇంకోటి. మూడు కాగితాల్లోనూ అదే. మూడూ నలుపే.

దేవుని గూట్లో ఉన్నది ఎట్లా వచ్చిందని నేను ఆ పొద్దు ఆలోచించలేదు. నా తమ్ముడు నాకు మాటిచ్చి పేరు తీసేసినాడు అనేదొక్కటే మనసులో తిరుగుతాంది. ఫోన్ చేస్తే, అంగట్లో బేరం ఉందక్కా అని పెట్టేసినాడు. పసుపు పూసిన కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోని మధ్యాన్నం బస్సుకు పుంగనూరికి పోయినాను.

రమణ ఇంటికొచ్చి కాగితం తిప్పి తిప్పి చూసినాడు.

"నీ కోడలు కొట్టించింటాదిలే అక్కా. ఇప్పుడు వాటిల్లో ఏమన్నా చేయొచ్చు."

"ఎర్రక్షరాల మాట సుగుణ నీకు చెప్పిందా?"

"ఏం ఎర్రక్షరాలు? నాకేం తెల్దు."

వాడు అబద్ధం చెప్తే నాకు తెలుస్తాది. అది అబద్ధం కాదు. అప్పుడు మొదటిసారి ఆ కాగితాన్ని చూస్తే భయమైంది. అయినా వదల్లేదు. "పేరు లేకుండా ఎట్లా పోతాది అన్నావు కదరా నాతో" అన్నాను. లలిత నీళ్ల చెంబు నా ముందర పెట్టి వంటింట్లోకి పోయింది.

"నాయనను అనొద్దత్తా. తీసేయమనింది నేనే."

వాకిలి దగ్గర పావని నిలబడి ఉండాది.

"వాళ్లకు లలితమ్మే మా అమ్మ అని చెప్పుండాం. తల్లి లేని పిల్లని అంతకుముందు రెండు సంబంధాలు ఎనక్కి పోయినాయి కదా. ఇప్పుడు పత్రికలో ఇంకో పేరు వస్తే ఏమని చెప్పేది?"

"నిన్ను కన్నది కదమ్మా అది."

"నాకు ఆయమ్మ మొగం కూడా గుర్తు లేదత్తా. ఫొటోలో సూడ్డమే."

నా చేతి ముద్దలు తిన్న బిడ్డ. దోవ పొడుగునా నేను పలికించిన పేరు. ఆయమ్మ అనింది. ఎవరో పక్కింటామెను అన్నట్టు. తిట్టాలని నోరు తెరిచినాను.

"ఆ పొద్దు నువ్వు కూడా అవునన్నావు కదత్తా" అనింది.

అన్నాను. పెండ్లిచూపుల నాడు కాఫీ గ్లాసు అందుకుంటా, పెండ్లికొడుకు తల్లి లలితను, పావనిని మార్చి మార్చి చూసి, బిడ్డకు తల్లి కళ్లే వచ్చినాయే అనింది. ఇల్లంతా నా నోటి వైపు చూసింది. "అవునమ్మా, అచ్చం తల్లే" అన్నాను. ఆ మాట అని పళ్లెం ఎత్తుకోని లోపలికి వచ్చేసినాను. సంబంధం చెడిపోకూడదు అని మనసుకు చెప్పుకోని మర్చిపోయినాను. పావని మర్చిపోలేదు.

ఆ ఇంట్లో నీళ్లు కూడా తాగకుండా బస్సెక్కినాను. కవరు ఒళ్లో పెట్టుకోని మదనపల్లె దాకా ఏడుస్తా వచ్చినాను.

పది దినాలకు ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే శిరీష రిపేరు చేసే ఆయప్పను పిలిపించింది. ఆయన మూత తీసి, రంగుల ఇంకు డబ్బా బయటికి లాగి మా మొగాలు చూసినాడు.

"దీనికి కంపెనీ టేపు తీయనే లేదే మేడం. ఎన్నాళ్లయింది కొని?"

డబ్బా మూతికి పసుపు టేపు అంటించినట్టే ఉండాది. నల్ల డబ్బాకు తీసినారు, రంగుల దానికి మర్చిపోయినారు. ఎప్పుడూ పరీక్ష పేపర్లే కాబట్టి రంగు అవసరమే పడలేదు. ఇందులోంచి ఇంతవరకు ఒక చుక్క రంగు కూడా దిగలేదు అన్నాడు. నేను పసుపు కాగితం తెచ్చి చూపించినాను. గోరుతో ఎర్రక్షరాలను గీకి చూసి, "ఇది ఈ ప్రింటర్లోది కాదమ్మా. యాడన్నా ప్రెస్సులో తీయించింటారు" అన్నాడు. శిరీష మా ఇంటికి వచ్చి మూడేండ్లు. ఎర్రక్షరాల సంగతి ఆ పిల్లకు నేను ఏనాడూ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

కుప్పంలో పెండ్లి బాగా జరిగింది. పోయినాను. పత్రికలో ఆ పేరు లేదు. అప్పగింతలప్పుడు పావని నా చేయి పట్టుకుని చానాసేపు వదల్లేదు. నేను మాత్రం ఆ చేయి గట్టిగా పట్టుకోలేకపోయినాను. ఇప్పటికీ ఫోన్ చేస్తాది. బాగుండావా అత్తా అంటాది. బాగుండాను అంటాను.

సుగుణ పోయినప్పుడు ఆమె పత్రికల కట్టను నేను తెచ్చుకున్నాను. ఆ కాగితాన్ని అందులోనే పెట్టినాను. అప్పుడప్పుడు తీసి వేలు పెట్టి చదువుతాను. రంగు వెలిసిపోలేదు.

ఎట్లా వచ్చిందో నాకు తెలీదు. కలవని ట్యాబు, తీయని టేపు, నా చెవికి తప్ప తెలియని మాట. ఎన్ని విధాలుగా ఆలోచించినా ఒకటి కుదిరితే ఇంకోటి కుదరదు. కానీ నన్ను పట్టుకున్నది అది కాదు. రమణ అంగట్లో బిల్లులు తీసే ప్రింటరు ఉండాది. పత్రికలన్నీ అచ్చైన ప్రెస్సు ఉండాది. పేరు తీసేసిన వాళ్లు ఆడ ఉండారు. ఆడికి పోకుండా నా ఇంటికే యాల వచ్చింది? నేనొక్కదాన్నే చదువుతానని వచ్చిందా, అవునమ్మా అన్నది నేనేనని వచ్చిందా?

అడుగుదామంటే చదివించినామె లేదు.