వదిన తాగని నీళ్లు

మా వదిన పగలు నీళ్లు తాగేది కాదు. పొద్దున ఇంట్లో ఒక కప్పు చాయ్ తాగి, బయలుదేరే ముందు బాత్రూంకు పోయి, పది గంటలకు దుకాణం షట్టర్ ఎత్తితే రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరేదాకా ఆమె గొంతులోకి చుక్క దిగేది కాదు. వరంగల్ బజారులో పైరేకులు పెనంలా కాలే ఎండాకాలంలో కూడా అంతే. ఐదేళ్లు ఈ సంగతి నాకు తెలియదు. అడగలేదు కనుక తెలియలేదు.

మాది బట్టల వ్యాపారం చేసే కుటుంబం. అన్న హోల్‌సేల్ చూసుకుంటూ ఊళ్లు తిరుగుతాడు. వదిన బజారు సందులో మ్యాచింగ్ సెంటర్ నడుపుతుంది. జాకెట్ ముక్కలు, లైనింగులు, ఫాల్స్, లంగాలు. ముందు ఇరుకైన దుకాణం, వెనక స్టాకు గది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోలో వచ్చే ఇద్దరు ఆడపిల్లలు అమ్మకాల్లో సాయం చేస్తారు. ఇంట్లో నేనొక్కడినే వ్యాపారం వదిలి కాలేజీలో పాఠాలు చెప్పాను. రిటైరై ఇప్పుడు హనుమకొండ సుబేదారిలో ఉంటున్నాను. కానీ పాఠాలకన్నా ఎక్కువగా నేను చేసిన పని వాదించడం. జాతకాలు, బాబాలు, చేతబడి, ముహూర్తాలు, వాస్తు. వీటి మీద నలభై ఏళ్లు సభలెక్కి మాట్లాడాను. ఎదుటివాడి చేత నీళ్లు తాగించడంలో నాకు పేరుంది.

ఆరేళ్ల కింద దుకాణంలో గిరాకి పడిపోయింది. అన్న ఒక వాస్తు పంతులును పిలిపించాడు. స్టాకు గదిలో ఈశాన్యం మూల ఒక చిన్న మరుగుదొడ్డి ఉండేది. పంతులు దాన్ని చూసి తల పట్టుకున్నాడట. వారం తిరగకముందే అన్న దాన్ని కూలగొట్టించి, బండలు పరిపించి, ఆ మూలన రాగి చెంబు పెట్టాడు. నాకు ఈ కబురు అందిన నాలుగు రోజులకే హనుమకొండలో వాస్తు మీద చర్చాసభ ఉంది. వేదిక ఎక్కి, "మా అన్న కక్కసు కూలగొట్టి లక్ష్మీదేవికి జాగ ఖాళీ చేసిండు" అన్నాను. హాలు హాలంతా పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ దుకాణంలో రోజూ పదకొండు గంటలు ఉండే ముగ్గురు ఆడవాళ్లు ఇక ఎక్కడికి పోతారన్న ప్రశ్న వేదిక మీద నాకు రాలేదు. దిగినాక కూడా రాలేదు.

మగవాళ్లకు ఫికర్ లేదు. సందు చివర గోడ ఉంది. ఆడవాళ్లకు దగ్గరలో ఉన్నది బస్టాండు దగ్గరి సులభ్ ఒక్కటే. పోయి రావడానికి అరగంట పడుతుంది, దుకాణం వదిలి పోలేరు. పక్క దుకాణంలో ఒకటుంది గానీ దానికి తాళం. వదిన రెండుసార్లు అడిగింది. ఆ యజమాని సందంతా వినబడేలా, "అరేయ్, అమ్మకు బాత్రూం తాళంచెవి ఇయ్యుండ్రి" అని కేక వేశాడట. మూడోసారి ఆమె అడగలేదు. నీళ్లు మానేసింది. ఆమెను చూసి ఆ పిల్లలిద్దరూ మానేశారు.

రిటైరయ్యాక నా ఉపన్యాసాల్లో ఆరోగ్యం కూడా చేరింది. జనం జబ్బు చేసి బాబాల దగ్గరికి పోతున్నారు, జబ్బు రాకుండా బతకడం నేర్పితే ఆ దారే మూసుకుపోతుంది కదా అనుకున్నాను. పొద్దున నలభై నిమిషాల నడక, ఉప్పు తగ్గించడం, చీకటి పడగానే జొన్నరొట్టె తినేయడం, వేళకు నిద్ర, దాహం వేయకముందే నీళ్లు, మనసు విప్పి మాట్లాడుకునే నలుగురు మనుషులు. ఇవి చాలు, మందుల దుకాణం మొహం చూడకుండా తొంభై ఏళ్లు బతకొచ్చని చెప్పేవాణ్ణి. చిన్న పుస్తకం కూడా వేసి పంచాను. రుజువుగా నా ఒంటినే చూపించేవాణ్ణి. వాస్తు విషయంలో నా మాట ఖాతరు చేయని అన్న ఈ విషయంలో మాత్రం తు.చ. తప్పలేదు. ఆయన షుగర్ అదుపులోకి వచ్చింది.

ఒకసారి బజారు ఆడవాళ్ల సమావేశంలో మాట్లాడటానికి పిలిచారు. ముందు వరుసలో వదిన కూడా ఉంది. నేను బాటిల్ ఎత్తి పట్టుకొని, గంట గంటకూ ఒక గ్లాసు తాగాలని చెప్పగానే ఆడవాళ్లంతా ఒకరి మొఖం ఒకరు చూసుకొని నవ్వారు. తిరిగి వస్తూ ఆటోలో అడిగాను.

"ఎందుకు నవ్విన్రు వదినా?"

"ఏం లేదు మరిదీ. నువ్వు చెప్పేటియన్ని మగోళ్ల ముచ్చట్లు."

నా వల్ల ఇంట్లో ఒక చమత్కారి తయారైందని మురిసిపోయాను తప్ప, ఆ మాట లోపలికి తొంగిచూడలేదు.

నిరుడు శివరాత్రి దాటాక ఆమెకు చలిజ్వరం వచ్చింది. అలా రావడం మూడోసారి. అన్న ఊళ్లో లేడు, నేను దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. రిపోర్టులు రెండుసార్లు చూసింది.

"పగలు ఎన్నిసార్లు యూరిన్‌కు పోతారమ్మా?"

"పోను."

"పోను అంటే?"

"పోను మేడం. దుకాణంల లేదు. నీళ్లే తాగ."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. రెండు కిడ్నీలూ కుంచించుకుపోయాయని, పోయింది తిరిగి రాదని, మిగిలినదాన్ని జాగ్రత్తగా కాపాడుకుంటే కొన్నేళ్లు నడుస్తుందని చెప్పింది. మళ్లీ ఇన్‌ఫెక్షన్ రాకూడదు. ఆపుకోకూడదు. నొప్పి గోలీలు బంద్.

"నీళ్లు తాగకపోవడం వల్లనేనా?" అని అడిగాను.

"అదొక్కటే అని నేను చెప్పలేను సార్. బీపీ ఉంది, మోకాళ్లకని ఏళ్ల తరబడి గోలీలు మింగింది. కానీ ఇట్ల ఆపుకుంటే ఇన్‌ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తది."

రుజువుకు మించి ఒక్క మాట ఎక్కువ చెప్పని ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది. అన్న వచ్చిన సాయంత్రమే దుకాణానికి పోయాను.

"అన్నా, రేపు మేస్త్రీని పిలువు. బాత్రూం కట్టాలె."

"ఏ మూలకు కట్టాలె? పంతులు జాగంత చూసిండు. ఈ దుకాణంల యాడ కట్టినా నష్టమే అన్నడు."

"వదిన కిడ్నీలు పోతానయ్."

"అయితే ఇంట్ల ఉండమను. నేనేమన్న కట్టేసి కూసోబెట్టిన్నా?"

వదిన ఆకుపచ్చ రంగు ముక్క మడత పెడుతూ తల ఎత్తలేదు. "నేను ఇంట్ల కూసుంటే ఈ పిల్లలు యాడికి పోతరు? ముప్పై ఏండ్ల సంది గిరాకి నా మొఖం జూసి వస్తాంది. దుకాణం నాది."

"కూలగొట్టినంకనే గిరాకి పెరిగింది తమ్మీ. కాదంటవా?"

"ఎదురుంగ చీరల మాల్ పడ్డది. చీర కొన్నోళ్లు జాకెట్ ముక్కకు ఇటొస్తాన్రు. అందుకు పెరిగింది."

"ఆ మాల్ మన ఎదురుంగనే ఎందుకు పడ్డది? ఊకెనే పడ్డదా?"

నాకు ఒళ్లు మండింది. గంటసేపు వాదించాను. చివరికి అన్న, "నీకేంది తమ్మీ, ఒకటో తారీఖు పింఛన్ పడ్తది. దేవుడున్నా పడ్తది, లేకున్నా పడ్తది" అన్నాడు. సేల్స్ పిల్లలిద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

మర్నాడు వాళ్లింటికి పోతే వదిన చాయ్ ఇచ్చి, నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"మరిదీ, కేసముద్రంల ఒక వాస్తు పంతులున్నడు. మా చెల్లె ఇల్లు కట్టుకున్నప్పుడు ఏ మూలకు కావాల్నంటే ఆ మూలకు సరే అన్నడు. ఆయనను పట్కరా. వాయవ్యంల కట్టుకోవచ్చని చెప్పమను. మీ అన్న పొద్దుగూకక ముందే సిమెంట్ తెప్పిస్తడు."

"నువ్వే పిలువరాదు?"

"నేను పిలిస్తే నా మతలబని ఎర్కైతది. నువ్వు తెస్తే నమ్ముతడు. వాస్తు నమ్మనోడే పంతులును తోల్కొచ్చిండంటే ఇంక అడిగేదేమున్నది?"

అంత సూటి ఆలోచన ఆ ఏడాది నా బుర్రలో ఒక్కటీ పుట్టలేదు. అయినా నేను ఒప్పుకోలేదు. "నలభై ఏండ్లు ఎవరి మీద కొట్లాడిన్నో వాళ్లనే చెయ్యి పట్టి తీసుకరమ్మంటానవా వదినా? నేను అన్నను ఒప్పిస్త. జర ఓపిక పట్టు" అన్నాను.

"నీ నలభై ఏండ్లు ఎంత బరువో నాకెరుక లేదు. మధ్యాహ్నం మూడింటికి నా పొత్తికడుపు ఎంత బరువైతదో నాకెరుక."

నేను చాయ్ తాగేసి లేచాను.

తర్వాత ఏడు నెలలు అన్నను ఒప్పించే పని చేశాను. రిటైరైన ఇంజనీరు మిత్రుణ్ణి తీసుకుపోయి గాలి, వెలుతురు, మురుగు పారుదల గురించి చెప్పించాను. అన్న ఆయనకు సమోసాలు తెప్పించి, మంచి మాటలు చెప్పి పంపాడు. తొమ్మిది పేజీల ఉత్తరం రాశాను. గల్లాపెట్టెలో పెట్టి తాళం వేశాడు. నీ పంతులును పిలువు, నలుగురి ముందు మాట్లాడదామన్నాను. ఆయన నవ్వాడు. ఆదివారం ఆదివారం వాళ్లింట్లో కూర్చొని వాదించుకునేవాళ్లం. వదిన రొట్టెలు చేసి పెట్టేది. నిజం చెప్పాలి. ఆ వాదనలు నాకు బాగుండేవి. చిన్నప్పటినుంచీ నాకన్నా పెద్దవాడిగా ఉన్న మనిషి ఒక్కసారి "నాదే తప్పు తమ్మీ" అనడం వినాలని ఉండేది. ఆ మాట లేకుండా కట్టే మరుగుదొడ్డి నాకు సరిపోలేదు.

మొదటి నెల వదిన డాక్టరమ్మ చెప్పినట్టే చేసింది. నీళ్లు తాగి, మధ్యాహ్నం ఆటోలో ఇంటికి పోయి వచ్చేది. పెళ్లిళ్ల గిరాకి మొదలయ్యాక అది ఒకరోజు కుదిరి ఒకరోజు కుదరలేదు. ఎండలు ముదిరాక అసలే కుదరలేదు. "ఎట్లున్నది వదినా?" అంటే "ఉన్నది" అనేది. నేను అన్న వైపు తిరిగి వాదన ఎక్కడ ఆగిందో అక్కడినుంచి ఎత్తుకునేవాణ్ణి.

బతుకమ్మ రోజుల్లో మ్యాచింగ్ సెంటర్‌లో కాలు పెట్టే సందు ఉండదు. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లంతా కొత్త చీరెలు సంచుల్లో పెట్టుకొని రంగు కలుపుకోవడానికి వస్తారు. సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు కౌంటరు దగ్గర కత్తెర పట్టుకొని నిలబడ్డ వదిన వణకడం మొదలుపెట్టింది. పిల్లలు పట్టుకునేలోపే కింద పడింది. ఆ రాత్రే మెడ దగ్గర గొట్టం వేసి డయాలసిస్ చేశారు. కొద్దిరోజులకు తగ్గుతుందేమో చూద్దామన్నారు. తగ్గలేదు. ఇక వారానికి మూడుసార్లు తప్పదన్నారు.

అప్పుడు కేసముద్రం రైలెక్కాను. ఆ పంతులు మార్కెట్ యార్డు దగ్గర ఒక ధాన్యం దుకాణం అరుగు మీద కూర్చొని ఉన్నాడు. మెత్తని మనిషి. దుకాణం, మరుగుదొడ్డి అనగానే, "ఏ మూలకు గావాలె సార్?" అన్నాడు. ఇన్నేళ్లు ఎంత పెద్ద శత్రువని ఊహించుకొని కత్తి తిప్పానో!

మర్నాడు వచ్చి స్టాకు గదిలో దిక్సూచి పెట్టాడు. అన్న చేతులు కట్టుకొని నిలబడ్డాడు. పంతులు వాయవ్యం మూల బేషుగ్గా ఉందని చెప్పి, నావైపు తిరిగాడు.

"మీరు సుత చూడుండ్రి సార్. ముల్లు సరిగ్గనే ఉన్నది కదా?"

అన్న నా మొఖంలోకి చూశాడు.

"సరిగ్గనే ఉన్నది," అన్నాను.

అంతే. పావుగంట కూడా పట్టలేదు. మధ్యాహ్నానికి మేస్త్రీ కొలతలు తీసుకున్నాడు. పది రోజుల్లో తలుపు, గొళ్లెం, నల్లాతో సహా పూర్తయింది.

నేను డాక్టరమ్మను మళ్లీ కలిశాను. ఏడు నెలల ముందే ఇది కట్టి ఉంటే అని అడిగాను. "ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే సార్. ఇంకొంచెం లేటుగా వచ్చేదేమో." ఇంకొంచెం అంటే ఎంత అన్నాను. ఒక ఏడాదా, మూడేళ్లా, తనకు తెలియదన్నది. ఎవరికీ తెలియదు. తెలియని దాన్ని తెలియదనే చెప్పాలని జీవితమంతా చెప్పుకుంటూ వచ్చాను కనుక ఇప్పుడు ఆ మాట వెనక దాక్కోవడం నాకు సులువే. కానీ ఆ ఏడాదో మూడేళ్లో వదినవి. వాటిని పణంగా పెట్టే హక్కు నాకెవరిచ్చారు? అన్న మూఢనమ్మకం ఆ మరుగుదొడ్డిని కూలగొట్టింది. దాన్ని మళ్లీ లేవనీయకుండా ఏడు నెలలు ఆపింది నా పౌరుషం. నా చిన్న పుస్తకంలో మంచి అలవాట్లన్నీ మనిషి గట్టిగా అనుకుంటే వచ్చేవిగానే రాశాను. నాలుగు గోడలు, ఒక గొళ్లెం లేక ఒక మనిషి నీళ్లు తాగే అలవాటు మానుకుంటుందని అందులో ఎక్కడా లేదు.

డయాలసిస్ లేని రోజుల్లో వదిన ఇప్పటికీ దుకాణానికి వస్తుంది. నిలబడలేదు, కుర్చీలో కూర్చొని రంగులు చెబుతుంది. రోజుకు ఇన్ని నీళ్లని కొలత పెట్టారు. ఆమె ఒంట్లోంచి ఇప్పుడు మూత్రం రావడం దాదాపు ఆగిపోయింది. కొత్త మరుగుదొడ్డికి ఆమె పోయేది లేదు. పిల్లలిద్దరూ పోతారు. మొదట్లో వాళ్లు సిగ్గుపడితే వదినే గదమాయించి పంపింది.

పోయిన వారం దుకాణంలో ఆమె ఒక్కతే ఉన్నప్పుడు అన్నాను. "వదినా, నువ్వు చెప్పిన్నాడే ఆ పంతులును తేవాల్సింది. తప్పు నాది."

ఆమె మడత పెడుతున్న జాకెట్ ముక్కను ఒళ్లో పెట్టుకుంది. చెయ్యి మీద సూదులు పొడిచిన చోట్లు ఉబ్బి ఉన్నాయి.

"ఇంతకు ఎవరు గెలిసిన్రు మరిదీ? నువ్వా, మీ అన్ననా?"

నేను ఏదో చెప్పబోయాను. మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్లు సంచిలోంచి చీర తీస్తూ లోపలికి వస్తున్నారు. వదిన కుర్చీలో ముందుకు వంగింది.

"జర పక్కకు జరుగు. గిరాకొచ్చింది."