గరిటత్త పంచిన మాత్రలు

"నా డబ్బా నేను కలపను అక్కా. తల తీసినా కలపను."

"నీ తల తీసి ఏం చేసుకోను, కూరకి కూడా పనికిరాదు. డబ్బా ఇటు పెట్టు."

"మొదటి నెలలోనే, కలపకముందే నా పుండు ఎండింది, నీ కళ్ళతోనే చూశావు. అంటే నాకిచ్చింది అసలు మందే. దాన్ని తెచ్చి మీ పిండిలో పొయ్యమంటావా?"

"ఎవరి డబ్బాలో ఏముందో నీకేమన్నా కలొచ్చిందా?"

నేను మెస్సు వంటగది వెనక, పంపు దగ్గర టీ గ్లాసు కడుక్కుంటున్నాను. అక్కాతమ్ముళ్ళ గొడవలో తలదూర్చే అలవాటు నాకు లేదు. కానీ డబ్బా, మందు, పిండి అన్న మాటలు చెవిన పడ్డాక గ్లాసు అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళాను.

గరిటత్త ఎత్తుపీట మీద కూర్చుని ఉంది. ఒళ్ళో వెడల్పాటి స్టీలు గిన్నె. గిన్నె అడుగున తెల్ల మాత్రలు, అందరివీ కలిసిపోయి. చుట్టూ నేల మీద మూతలు తీసిన ఆసుపత్రి డబ్బాలు. నా వ్యాన్‌లో ఆసుపత్రికి వెళ్ళొచ్చినవాళ్ళంతా గోడవారగా, బంతి భోజనానికి కూర్చున్నట్టు వరసగా కూర్చున్నారు. తమ్ముడొక్కడే నిలబడి, చొక్కా జేబు మీద చెయ్యి అదిమిపెట్టుకున్నాడు. నన్ను చూసి అందరూ ఒక్కసారి నోళ్ళు మూశారు. దొంగతనం చేస్తూ దొరికినవాళ్ళ మొహాలు కావవి. ఆటలో మునిగిన పిల్లల మధ్యకి మాస్టారు వచ్చినట్టుంది.

ఆ గిన్నె సంగతి చెప్పాలంటే ముందు ఆవిడ సంగతి చెప్పాలి.

రాళ్ళ క్వారీ కూలీల మెస్సులో ఆవిడ వంటమనిషి. మొదట గిన్నెలు తోమడానికి వచ్చింది. పాత వంటవాడు ఓ రోజు అలిగి వెళ్ళిపోతే ఆ పూటకి గరిటె పట్టుకుంది, మళ్ళీ కింద పెట్టలేదు. అప్పట్నుంచి అందరికీ గరిటత్తే. అసలు పేరు అడిగితే ఆవిడకే ఓ క్షణం పడుతుంది. మొగుడు ఉండేవాడు, ఎటో వెళ్ళాడు. ఎందుకెళ్ళాడని ఎవరన్నా అడిగితే "కూరలో ఉప్పు చాల్లేదని" అంటుంది. అంతకు మించి ఒక్క ముక్క రాదు.

వడ్డనలో వలపక్షం ఆవిడకి పడదు. మేస్త్రీ అయినా, నిన్న పనిలో చేరినవాడైనా ఒకటే గరిటె. చుట్టు పూర్తయ్యేదాకా రెండోసారి ఎవరికీ లేదు. క్వారీ యజమాని ఒకసారి సరదాపడి కూలీల పంక్తిలో కూర్చుని, కూర ఇంకాస్త వెయ్యమన్నాడట. చివరి మనిషికి చేరాక మిగిలితే చూద్దాం అందట. మిగల్లేదు. సొంత తమ్ముడు ఆ క్వారీలోనే రాళ్ళు కొడతాడు, ఆ మెస్సులోనే తింటాడు. మా అక్క చేతికంటే తక్కెడ నయం, అదన్నా అప్పుడప్పుడూ ఒకవైపు మొగ్గుతుందని అతని ఏడుపు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఆ మెస్సులో వడ్డించే మనిషి ఎవరి మనిషీ కాదు. అందుకే అక్కడ కడబంతివాడికి నిజంగానే ఫరవాలేదు.

కట్టెల కొట్టంలో ఒకరోజు అరికాలికి ముల్లు దిగింది. కాళ్ళకి చెప్పుల్లేవు. ముల్లు పీకి పారేసి మరిచిపోయింది. ముల్లుతోపాటు మట్టిలో ఉండే బూజు ఏదో లోపలికి పోయిందని తర్వాతెప్పుడో డాక్టర్లు చెప్పారు. అరికాలి మీద గడ్డ లేచింది. నొప్పి లేదు. ఈ జబ్బులో ఉన్న దగా అదే, నొప్పి ఉంటే మనిషి అప్పుడే పరిగెత్తేవాడు. గడ్డకి చిల్లులు పడి, వాటిలోంచి నల్లటి గింజలు రాలడం మొదలైంది. అచ్చం ఆవాల్లా ఉంటాయి. వంటగదిలో ఆవాలే కట్టుకి అంటుకుంటున్నాయనుకుని ఆవిడ చాలాకాలం దులిపేసుకుంది. ఆవాల డబ్బా మూత సరిగ్గా పెట్టి ఏడవ్వేమని గిన్నెలు తోమే అమ్మాయిని తిట్టింది కూడా. తమ్ముడి కాలికీ అదే గడ్డ లేచాక గానీ ఇది జబ్బని తెలియలేదు.

బూజుని చంపే మాత్ర ఒకటి లేకపోలేదు. దాన్ని ఏడాదికి పైగా రోజూ మింగాలి. ఆ మాత్రల ఖర్చు ఆవిడ జీతాన్ని మొత్తం మింగేసి ఇంకా ఆకలి అంటుంది. ఒక నెల కొనేది, రెండు నెలలు మానేది. అలా సగం సగం మింగితే బూజు చావదు సరికదా, రాటుదేలుతుంది. రెండుసార్లు కోయించుకుంది, రెండుసార్లూ మళ్ళీ పెరిగింది. మూడోసారి కోసే డాక్టరు చీలమండ పైన వేలితో అడ్డంగా ఒక గీత గీసి చూపించాడు. అక్కడిదాకా తీసేస్తారన్నమాట. ఒంటికాలి మీద నిలబడి అంతమందికి గంజి వార్చడం ఎవరివల్ల అవుతుంది? ఆవిడకి తెలిసిన పని అదొక్కటే.

అప్పుడు వచ్చింది ఈ మందు పరీక్ష. పాత మాత్ర ఉచితంగా అందరికీ ఇస్తారు. దానితోపాటు తెల్ల డబ్బాలో ఇంకో మాత్ర. సగంమందికి అందులో కొత్త మందు ఉంటుంది, సగంమందికి అచ్చు అలాగే కనిపించే ఉత్తి పిండి. ఎవరికేది పడిందో మింగేవాళ్ళకీ తెలియదు, ఇచ్చే డాక్టరమ్మకీ తెలియదు. చివర్లో లెక్క విప్పి, ఎవరి కాళ్ళు ఎక్కువ మానాయో పోలుస్తారు. కొత్త మందు గెలిస్తే దాన్ని మామూలు మనుషులు కొనగలిగే ధరకి తయారుచేస్తారట. ఆ మందు కూడా అసలు వీళ్ళకోసం కనిపెట్టింది కాదు. డబ్బున్నవాళ్ళ కాలిగోళ్ళు పసుపురంగుకి తిరిగితే బాగుండదని కనిపెట్టారట. గోళ్ళకి పనికొచ్చేది ఈ పుళ్ళకి కూడా పనికొస్తుందేమో చూద్దామని ఎవరో పుణ్యాత్ములకి తర్వాత తోచింది. డాక్టరమ్మ ఈ మాట మొదటి రోజే అందరి ముందూ చెప్పింది, దాచలేదు.

కాలేజీ వదిలేసి ఖాళీగా తిరుగుతుంటే నాకు దొరికిన పని వీళ్ళ వ్యాన్ నడపడం. క్వారీ వైపు నుంచి ఎనిమిది మందిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, తీసుకురావాలి. మొదటి నెల మాత్రలు అయ్యాక, దారిలో అందరూ కాళ్ళు చాపి పోల్చుకున్నారు. తమ్ముడి పుండు కాస్త ఎండింది. బడిపిల్లల బట్టలు కుట్టే అమ్మాయి ఒకతె ఉంది, అందరూ కుట్టుపిల్ల అంటారు. ఆ పిల్ల పాదం ఇంకా ఉబ్బింది. నీకు పిండి పడిందిలే అని ఎవరో నవ్వుతూనే అన్నారు. ఆ పిల్ల దిగేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

ఆ రోజునుంచి, మెస్సు దగ్గర ఆగినప్పుడు టీ తాగి వెళ్ళమనడం మొదలుపెట్టింది గరిటత్త. నా గ్లాసు పంపు దగ్గరికే పంపించేది, మిగతావాళ్ళని లోపల కూర్చోబెట్టేది. కట్లు విప్పి చూసుకుంటారు కాబోలు, అందుకే నన్ను బయట ఉంచారు అనుకున్నాను. లోపల జరుగుతున్నది ఇది. డబ్బాలన్నీ ఒక్క గిన్నెలో పోసి, చేత్తో బాగా కలిపి, మళ్ళీ అందరికీ సమానంగా పంచుతోంది. ఒకే బండిలో వచ్చినవాళ్ళం, ఒకరికి మందూ ఒకరికి పిండా అని ఆవిడ వాదన. ఎవరికీ ఉత్తి పిండి మిగలకూడదు, అంతే. ఇలా నాలుగు నెలలు.

ఇప్పుడు తమ్ముడు ఎదురుతిరిగాడు.

"నాదే పిండి అయ్యుంటుంది బాబాయ్," అంది కుట్టుపిల్ల గోడవారనుంచి, తలెత్తకుండా. "మీది మీరు ఉంచుకోండి. పిల్లలున్నవాళ్ళు."

తమ్ముడి చెయ్యి జేబు మీంచి జారింది. డబ్బా తీసి అక్క ముందు పెట్టాడు, మొహం మాత్రం గోడవైపు తిప్పుకున్నాడు. ఆవిడ మూత తిప్పబోతుంటే కలపొద్దన్నాను. మెత్తగా చెప్పడం నాకు రాదు. మీరు చేసిన పనికి ఇన్నాళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరైందన్నాను.

ఆవిడకి కోపం రాలేదు. "ఏం తప్పయిందో తెలిసేట్టు చెప్పు, సగం చదువోడా," అంది.

"రెండు గిన్నెల్లో కూర వండారు. ఒకదాంట్లో కొత్త దినుసు వేశారు, రెండోదాంట్లో వెయ్యలేదు. తేడా ఉందో లేదో రుచి చూసి చెప్పమన్నారు. నువ్వు రెండూ తెచ్చి ఒకే గిన్నెలో పోసి కలిపేశావు. ఇప్పుడు తేడా ఎవరు చెప్తారత్తా?"

మూత మీద ఆవిడ చెయ్యి ఆగిపోయింది. మిగతాది కూడా చెప్పాను. ఎనిమిది మంది కాళ్ళూ ఒకేలా ఉంటాయి, మందుకీ పిండికీ తేడా లేదని రాసుకుంటారు. ఈ జబ్బుకి పరీక్ష పెట్టేవాళ్ళే కరువు, వచ్చినవాళ్ళు తక్కువ, అందులో ఎనిమిది మందంటే మాటలు కాదు. పనిచెయ్యదని ఒకసారి మూసేస్తే ఆ తలుపు మళ్ళీ ఎవరూ తియ్యరు.

ఈ జబ్బు ఇంకా ఎక్కడెక్కడ ఉందని అడిగింది. ఉత్తకాళ్ళతో పనిచేసే చోటల్లా ఉందన్నాను.

"అంతమంది ఉంటే ఇన్నాళ్ళూ మందెందుకు లేదు?"

"చెప్పులు కొనలేనివాళ్ళకి వచ్చే జబ్బు. మందు మాత్రం కొంటారని ఎవడు నమ్ముతాడు?"

తమ్ముడు అప్పుడు ఇటు తిరిగాడు. అయిందేదో అయింది, ఇకనుంచి ఎవరిది వాళ్ళం మింగుదాం, నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది, వీడు కూడా మనవాడేగా అని నన్ను చూపించాడు. ఒక నిమిషం నాకూ అదే మేలనిపించింది. చెబితే వీళ్ళందరినీ పంపించేస్తారు. కొత్త మందు పోతుంది, ఉచితంగా వచ్చే పాత మందూ పోతుంది. గరిటత్తకి మిగిలేది చీలమండ పైన గీసిన ఆ గీతే.

ఇకనుంచి విడివిడిగా మింగితే సరిపోతుందా అని ఆవిడ నన్నే అడిగింది. సరిపోదన్నాను. కలిపిన నెలలు లెక్కలో ఉండిపోతాయి.

"పంక్తిలో ఎనిమిది మందే ఉన్నారనుకున్నాను," అంది గిన్నెలోకి చూస్తూ. "వాళ్ళకి సమంగా వడ్డించాననుకున్నాను. మా వెనకాల ఇంకా అంతమంది కూర్చున్నారని ఎవరికి తెలుసు."

గిన్నె మీద మూత పెట్టి అలమర పైకి ఎక్కించింది. తమ్ముడి డబ్బా కలవలేదు కాబట్టి అది అతనికిచ్చేసింది. అతను తీసుకుని గుమ్మం దాటాడు. కాసేపటికి వెనక్కొచ్చి, డబ్బాని గిన్నె పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

కట్లు మార్చే రోజు వారానికి వచ్చింది. ఈలోపు అతను ప్రతిపూటా తిండికి వచ్చి, తింటూ అక్కతో వాదించాడట. ఆవిడ అదే గరిటెతో, అంతే కూర వేసిందట. చివరికి నా దగ్గరికి వచ్చాడు. నువ్వన్నా చెప్పరా, మా అక్కకి న్యాయం ఎక్కువ, కాళ్ళు తక్కువ అన్నాడు. నవ్వబోయి, అతని కళ్ళు చూసి ఊరుకున్నాను. అక్క కాలు పోతుందనే అతని బాధ. తన డబ్బా గురించి ఆ వారంలో ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఆ ఉదయం గరిటత్త వెనక సీట్లో కాకుండా నా పక్కన కూర్చుంది. గుడ్డతో మూతికట్టిన గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. మామూలుగా ముందు సీట్లో కూర్చున్నవాళ్ళకి నా డ్రైవింగ్ మీద పది వంకలు పెట్టడమే పని, ఆవిడ మాత్రం గతుకు వచ్చినప్పుడల్లా గిన్నెని రెండు చేతులా అదిమిపట్టుకుంది. ఆసుపత్రి గేటు లోపల ఆపాక అందరూ దిగారు. కుట్టుపిల్ల గోడ పట్టుకుని నడిచింది. తమ్ముడు ఆ పిల్ల సంచీ అందుకున్నాడు. గరిటత్త మాత్రం కదల్లేదు.

"లోపలికెళ్ళి నేనే చెప్పేస్తాను," అంది ముందు అద్దంలోకి చూస్తూ. "కలిపింది నేను, పంచింది నేను. వాళ్ళు నేను పెడితే తీసుకున్నారు. అది చెప్పడానికి నాకు భయం లేదు. లెక్కలోంచి మమ్మల్ని తీసేస్తారు, తియ్యాలి కూడా. చెడిన కూర వడ్డించం కదా, పారబోస్తాం."

నేను ఇంజను ఆపాను.

"కానీ లెక్కలోంచి తీసేసినా మందు ఆపొద్దని ఎవరో ఒకరు అడగాలి. ఆ పిల్లకి, మా వాడికి, అందరికీ. అది నాకు చేతకాదు. ఇన్నేళ్ళూ ఒకరికి పెట్టానేగానీ నోరు తెరిచి ఏదీ అడగలేదు. నేనడిగితే ఏడ్చినట్టుంటుంది. డాక్టరమ్మ జాలిపడి భుజం తడుతుంది, అక్కడితో సరి. నువ్వడిగితే దెబ్బలాటలా ఉంటుంది. దెబ్బలాడేవాడికి జవాబు చెప్పక తప్పదు."

నా నోరు మంచిది కాదని ఊరంతా అంటుంది కదత్తా అన్నాను.

"మంచిది కాదనే అడుగుతున్నా," అంది, గిన్నె నా చేతికిచ్చి, తలుపు పట్టుకుని దిగుతూ. "ఈ ఒక్క పూటకి నీ నోరు నాకు అరువివ్వు బాబూ. నాతో లోపలికి రా."