రెండో పొట్లంలోని పువ్వు

దయ్యం, శకునం, సోది అనే మాటలకు మా ఇంట్లో ఎన్నడూ చోటివ్వలేదు. ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నంతకాలం బడిలోనూ ఇవ్వలేదు. ఇది రాస్తున్నవాడు అటువంటి మనిషి అని పాఠకులు ముందుగా గమనించాలి.

ఎనభైల చివరి మాట. మా చెల్లెలు రాజమ్మకు రొమ్ము క్యాన్సరు. పాకాలలో రైలెక్కించి, కాట్పాడిలో దించి, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి తీసుకువెళ్లేవాణ్ని. ఆపరేషను జరిగిన వైపు చేతికి సూది వేయకూడదు. రెండో చేతి నరాలు మందు తీవ్రతకు నల్లబడి, తాడులా బిగిశాయి. నర్సులు ఎంత వెదికినా సూది దిగేది కాదు. రాజమ్మ గోడవైపు తిరిగి పళ్లు బిగబట్టేది.

డాక్టరుగారు రెండు మార్గాలు చెప్పారు. ఒకటి, ఛాతీ నుంచి బయటికి వేలాడే గొట్టం. దాన్ని ఎప్పటికప్పుడు శుభ్రం చేయాలి, తడి తగలనీయకూడదు. రెండోది అప్పుడే కొత్తగా వస్తున్న పరికరం. రూపాయి బిళ్లంత డబ్బీని మెడ ఎముక కింద, చర్మం లోపల అమరుస్తారు. దాని సన్నని గొట్టం గుండె దగ్గరి పెద్ద సిరలోకి వెళుతుంది. సూదిని చర్మం గుండా ఆ డబ్బీలోకే గుచ్చుతారు. పేడ, నీళ్లు, మట్టి మధ్య పనిచేసే మనిషికి రెండోదే మేలని ఇద్దరం అనుకున్నాం.

రాజమ్మ నవ్వింది. "ఆకువక్క డబ్బీ నడుములో దోపుకుంటే సాలు గదన్నా, గుండె మీద కుట్టుకునేదెందుకు?"

నవ్వినా, భయపడిందని నాకు తెలుసు. చివరికి, అమ్మవారి దగ్గర పువ్వు అడుగుతానంది. పెళ్లి సంబంధానికైనా, బోరు వేయడానికైనా మా వైపు అది వాడుకే. తెల్లపువ్వును, ఎర్రపువ్వును వేరువేరుగా ఆకులో చుట్టి అమ్మవారి ముందు పెడతారు. ఒకటి తీస్తారు. తెల్లదైతే సరే, ఎర్రదైతే వద్దు. ఎర్రది వస్తే వైద్యమే మానేసి ఇంట్లో ఉంటానంది. మానేస్తే ఎంతో కాలం బతకదని డాక్టరుగారు నాతో విడిగా చెప్పి ఉన్నారు.

ఎంత వారించినా వినలేదు. "నువ్వే కట్టన్నా. నీ చేతిమీద నాకు నమ్మకముండాది," అంది.

నేనే కట్టాను. ఒక అరటాకు ముక్కలో నందివర్ధనం, మరొకదానిలో ఎర్ర గన్నేరు. నారతో రెండు చుట్లు తిప్పి బిగించి ముడివేయడం నా అలవాటు, అలాగే వేశాను. మిట్టమధ్యాహ్నం. పూజారి గుడి తలుపు తీసి భోజనానికి వెళ్లాడు. మేమిద్దరమే ఉన్నాం. పొట్లాలను వీపు వెనుక తారుమారు చేసి, అమ్మవారి ముందు పెట్టి, చూపు మరల్చకుండా నిలబడ్డాను.

రాజమ్మ ఒకటి తీసి విప్పింది. నందివర్ధనం.

నా గుండె కుదుటపడింది. అయినా మోసం లేదని ఆమెకు చూపడం పద్ధతి కనుక రెండో పొట్లం అందుకున్నాను. ముడి నాదే, చెక్కు చెదరలేదు. విప్పితే గన్నేరు లేదు. ఎవరో ఒక పూట జడలో పెట్టుకుని తీసినట్టున్న మల్లెపువ్వు ఉంది. తొడిమకు పొడవైన నెరిసిన వెంట్రుక చుట్టుకుని ఉంది.

గర్భగుడి, గడప, మెట్లు అన్నీ వెదికాను. గన్నేరు కనబడలేదు. పూజారిది గుండు. నాది కురచ జుట్టు. రాజమ్మ తలమీద మందు ఒక్క వెంట్రుకను కూడా మిగల్చలేదు.

"ఎవరిది ఇది?" అని గట్టిగానే అడిగాను.

ఆమె మల్లెపువ్వును కొంగున ముడివేసుకుంది. "రెండూ తెల్లవే గదన్నా. ఇంగ అడిగేదేముండాది? పోదాం పా."

డబ్బీ అమర్చారు. మిగిలిన మందంతా దాని గుండానే ఎక్కింది. కొన్నాళ్లకు దాన్ని తీసేశారు కూడా. రాజమ్మ మళ్లీ పొలానికి వెళ్లింది.

ఆ రోజు ఏ పొట్లం విప్పినా 'వద్దు' అనే జవాబు రాకుండా ఎవరో చూసుకున్నారు. హేతువు తెలియని చోట 'ఎవరో' అని రాయడం నాకు సమ్మతం కాదు. ఇక్కడ మాత్రం మరో మాట దొరకడం లేదు.