గార్డుగారి స్లైడ్లు

శ్మశానం గోడ పక్కనే అద్దెకుండి ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని. దయ్యాలంటే నవ్వుకునేదాన్ని. ఇది చదివి మీరు నవ్వినా ఏమీ అనుకోను.

2002లో చీరాలలో మాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. ఆ వేసవిలో మా వీధిలోని రిటైర్డ్ రైల్వే గార్డు మూర్తిగారు ఒక అట్టపెట్టె తెచ్చారు. వయసులో ఉండగా ఆయన టెక్కలి వైపు నేరోగేజి పొగబండి మీద పనిచేశారు. అప్పుడు తీసిన కలర్ స్లైడ్లు అవి.

“మతిమరుపు వస్తోందమ్మాయ్. ఏది ఏ సంవత్సరమో నేను చెబుతాను, నువ్వు రాసిపెట్టు,” అన్నారు.

మధ్యాహ్నాలు షాపు తలుపు దగ్గరగా వేసి, ప్రొజెక్టర్‌తో గోడ మీద చూసేవాళ్ళం. కొన్నిటి అట్ట చట్రం మీద ఫిల్ము కడిగిన నెల, సంవత్సరం అచ్చువేసి ఉండేవి. లేనివాటికి ఇంజన్ నంబరు, పెట్టెల రంగు చూసి ఆయన పోల్చుకునేవారు.

నాలుగో రోజు ఒక స్లైడు వేశాను. వంపు తిరుగుతున్న బండి. ముందు పెట్టె మెట్టు మీద కడ్డీ పట్టుకుని ఇటు చూస్తున్న మనిషి.

మా తమ్ముడు శ్రీను.

పోలికేమో అనుకుని లెన్సు సరిచేశాను. నీలం చారల చొక్కా. జేబు మీద మాత్రం చారలు అడ్డంగా ఉన్నాయి. గుడ్డ చాలక ఆ జేబు అలా కుట్టింది నేనే, ఆ ఏడాది ఉగాదికి వాడి కోసం.

చట్రం మీద మార్చి 74 అని ఉంది. శ్రీను పుట్టింది 76లో.

“ఇది నాకు బాగా గుర్తు,” అన్నారు మూర్తిగారు. “ఫోటో తీసిన కాసేపటికే ఆ కుర్రాడు జారిపడి పోయాడు. జేబులో చీటీ కూడా లేదు. మూడు రోజులు చూశాం, ఎవరూ రాలేదు. మేమే పూడ్చిపెట్టాం.”

ప్రొజెక్టర్ ఆపేశాను.

శ్రీను మరమగ్గాల మెకానిక్. పని మీద రోజూ ఒంగోలు వెళ్ళొచ్చేవాడు. కొన్నాళ్ళు రైలెక్కొద్దని బతిమాలాను.

“బస్సులో నాకు వాంతులొస్తాయక్కా, తెలుసుగా!” అని నవ్వేశాడు.

మనసాగక, అమ్మ చూడకుండా ఆ చొక్కా తీసి ట్రంకు పెట్టె అడుగున దాచాను.

ఆగస్టులో ఒక సాయంత్రం వాడు చీరాలలో దిగలేదు. ఒంగోల్లో పాసింజరెక్కి మెట్టు మీద నిలబడ్డాడని తోటివాళ్ళు చెప్పారు. క్యారేజీ సంచి సీటు మీదే ఉంది. పట్టాల వెంట వారం రోజులు వెతికాం. చెప్పు కూడా దొరకలేదు.

పరుగున వెళ్ళి ట్రంకు తెరిచాను. చొక్కా లేదు.

“వాడు అడిగితే నేనే వెతికి తీసిచ్చానే,” అంది అమ్మ.

నెల తర్వాత, ఆ కుర్రాణ్ణి ఎక్కడ పూడ్చారని మూర్తిగారిని అడిగాను. ఆయన నా ముఖం చూసి, ఎందుకని అడగకుండా, దారి గీసిచ్చారు. అమ్మకు అన్నవరమని చెప్పి ఒక్కదాన్నే వెళ్ళాను. జీడిమామిడి తోట పక్కన గడ్డి పట్టిన చిన్న దిబ్బ. చేత్తో ఆ గడ్డి పీకి శుభ్రం చేసి వచ్చాను.

ఇది ఎలా జరిగిందో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. అమ్మ పోయాక, తమ్ముడికి తద్దినం పెట్టించాలని పంతులుగారి దగ్గరికి వెళ్ళాను. పంచాంగం తెరిచి, పోయిన రోజు చెప్పమన్నారు.

డెబ్భై నాలుగులో రోజు చెప్పాలా, రెండువేల రెండులో రోజు చెప్పాలా? లేచి వచ్చేశాను.