ఆదివారం కొలతల బల్ల

నా బిడ్డ ఇక లేదు. జ్వరమని కరీంనగర్ తీసుకుపోతే, అది మెదడుకు ఎక్కిందని డాక్టర్లు చెప్పారు. వారం తిరక్కముందే ఒక మధ్యాహ్నం పూట కన్నుమూసింది. వాళ్ల నాన్న పక్కనే మట్టి చేశాం. గోదావరిఖనిలో అందరికీ తెలుసు. దూరాన ఉన్న సంఘం సభ్యులకు, ఆదివారం మా చర్చి పక్క గదికి మిషన్లు సరిచూపించుకుందామని పట్టుకొచ్చి, తలుపు మూసి ఉంటే తిరిగిపోయిన వాళ్లకు ఇప్పుడు ఈ కాగితం మీద చెబుతున్నాను.

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. సంఘం పత్రికకు నాలుగు మాటలు రాయమని అధ్యక్షుడు సారు అడిగితే నావల్ల కాదన్నాను. రాయకపోతే ఇంకా కష్టంగా ఉంది. అందుకే కూర్చున్నాను.

సంఘం అంటే కొలిచే పరికరాల ఇంజనీర్ల సంఘం. బొగ్గుబాయిలో గ్యాస్ చూపే మీటర్లు, కరెంటు ప్లాంటులో వేడి చూపేవి, ఒత్తిడి చూపేవి, ఇవన్నీ నిజం చెబుతున్నాయా లేదా అని చూసేవాళ్లు అందులో ఉంటారు. నా బిడ్డ మా దిక్కు శాఖకు కార్యదర్శి. బాయి మీటర్లు సరిచూడడమే ఆమె ఉద్యోగం.

ఆ పిచ్చి చిన్నప్పటిదే. వాళ్ల నాన్న డ్యూటీ దిగి వచ్చి బూట్లు విప్పకముందే ఎదురు పోయి నిలబడేది.

"నాయినా, ఇయ్యాల బాయిల గ్యాస్ ఎంతుండె?"

"మీటరు ఎంత చెప్తె గంత బిడ్డా."

"మరి మీటరు అబద్ధం చెప్తె?"

ఆయన నవ్వి, "గందుకే దాన్ని అడిగేటోళ్లు ఉండాలె" అన్నాడు. ఆ అడిగే మనిషి తానే అవుతుందని అప్పుడు మాకేం తెలుసు?

ఇంజనీర్లు నెలకోసారి కలిసి మాట్లాడుకుని, చాయ్ తాగి పోతే చాలదని ఆదివారం బల్ల మొదలుపెట్టించింది నా బిడ్డే. ప్రార్థన అయ్యాక చర్చి పక్క గదిలో బల్ల వేసేవాళ్లు. కూరగాయలమ్మేవాళ్లు కాంటాలు, బీపీ ఉన్నవాళ్లు బీపీ మిషన్లు, పిల్లల తల్లులు జ్వరం చూసే మిషన్లు తెచ్చేవాళ్లు. ఇంజనీర్లు సరిచూసి పంపేవాళ్లు. ఆ బల్ల దగ్గర నా బిడ్డది ఒకటే పట్టు: వస్తువు ఎట్లా వచ్చిందో అట్లాగే ముందు చూడాలి, ఎంత తప్పు చూపుతుందో రాయాలి, ఆ తర్వాతే సరిచేయాలి. జనానికి ఇది ఎక్కేది కాదు. ఇంటికి చుట్టాలొస్తే ఊడ్చి పెట్టుకున్నట్టు, అన్నీ సర్దుకుని తెచ్చేవాళ్లు.

ఒక కూరగాయల అక్క కాంటా బల్ల మీద పెట్టగానే నా బిడ్డ కళ్లు పెద్దవి చేసింది.

"ఏందక్కా, ఇంట్లనే మర తిప్పి సరిచేసి తెచ్చినవా? మర మీద గీత కొత్తగున్నది."

"మరి ఇంతమంది ముంగట తప్పు చూపిస్తె ఇజ్జత్ పోదా బిడ్డా?"

"నువ్వు పెండ్లిచూపులకు తయారుచేసినట్టు చేసి తెస్తె, ఇన్నొద్దులు ఎంత తప్పు తూగిందో నాకెట్ల తెలుస్తదే అక్కా?"

గదంతా నవ్వింది. ఆ అక్క కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

నన్నూ వదల్లేదు. నా బీపీ మిషన్ ఎప్పుడు చూసినా బీపీ బాగానే ఉన్నట్టు చూపేది. నేను ఖుషీగా పచ్చడి వేసుకుని తినేదాన్ని. ఒకరోజు నా బిడ్డ దాన్ని తన మిషన్ పక్కన పెట్టి చూసి మూతి ముడిచింది.

"అమ్మా, ఇది నీకు నచ్చినట్టు చూపిస్తున్నది. ఉన్నట్టు కాదు."

"గట్లనే ఉండనియ్యి. మనసన్న నిమ్మలముంటది."

"మనసు నిమ్మలముంటది, తల నరం పగులుతది" అని అప్పటికప్పుడే స్కూటర్ మీద డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. ఈరోజు నేను బతికి ఉండి ఇది రాస్తున్నానంటే ఆ కోపం పుణ్యమే.

బల్ల కోసం సంఘానికి ఒక చెక్క డబ్బా ఉంది. అందులో ఇత్తడి తూకపురాళ్లు ఉంటాయి. నా బిడ్డ దాన్ని మొదటిసారి ఇంటికి తెచ్చిన రోజు, మచ్చలు పడ్డాయి కదా పాపం అని నేను చింతపండు నానబెట్టాను. ఒక రాయి చేతిలోకి తీసుకున్నానో లేదో, స్నానాల గదిలోంచి తడి జుట్టుతో ఉరికొచ్చింది.

"అమ్మా, తోమకు! తోమితె అరుగుతది. అరిగితె దాని మాట చెల్లది. మచ్చలుంటె ఉండనియ్యి."

మొన్న సంతాప సభ పెడతామని వచ్చిన వాళ్లు ఆమెను దేవత అన్నారు, శాంతమూర్తి అన్నారు. వాళ్ల ప్రేమకు దండం. కానీ నా బిడ్డను తోమి చూపించడం నాకు ఇష్టం లేదు. ఆమెకు కోపం ఎక్కువ. ఆలస్యంగా వచ్చినవాళ్లతో మాట్లాడేది కాదు. కూరలో ఉప్పు చెంచాతో కొలిచి వేసేది, అయినా కూర బాగుండేది కాదు. నేను కన్నది ఆ మనిషినే.

ఆ రోజే సంఘం అధ్యక్షుడు సారు మెల్లగా అసలు సంగతి చెప్పారు. ఆయన జ్యోతినగర్‌లో ఉండే పెద్ద ఇంజనీరు.

"అమ్మా, ఆదివారం బల్ల కొన్నాళ్లు ఆపుదామనుకుంటున్నం. తూకపురాళ్ల తూకం హైదరాబాద్ ల్యాబుల సరిచూపించే గడువు దాటింది. ఏటేటా మేడమే తీసుకపోయేది. ఇప్పుడు మాకెవ్వరికి సెలవు దొరుకుత లేదు. వానాకాలం అయినంక చూస్తం."

ఆగిన పని వానాకాలం తర్వాత మొదలవుతుందా? ఆ గదిలో బియ్యం బస్తాలు పెడతారు, బల్ల ఎవరింటికో పోతుంది, డబ్బా బీరువాలో పడి ఉంటుంది. నా బిడ్డను మట్టిలో పెట్టి వచ్చాను. ఆమె చేసిన పనిని కూడా పెట్టలేను.

"నేను తీసుకపోత సారూ" అన్నాను.

"మీరా? అది బరువుంటదమ్మా. అక్కడ ఇంగ్లీషుల అడుగుతరు."

"బొగ్గు గంపలు మోసిన నెత్తి ఇది. రైలు ఎక్కుడు నాకు రాదా? ఇంగ్లీషుకు ఎవరన్న ఒక్కరు తోడు రాండ్రి."

 వెనక నిలబడ్డ అమ్మాయి, ప్లాంటులో కొత్తగా చేరిన ఇంజనీరు, "నేనొస్త ఆంటీ, జీతం కట్ అయినా ఫికర్ లేదు" అంది. ఆ తల్లిని కన్నవాళ్లు చల్లగా ఉండాలి.

రామగుండం స్టేషన్‌లో రైలెక్కాం. డబ్బాను కింద పెడితే అదురుతుందని ఒళ్లోనే పెట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్నామె, "పైసలా అవ్వా, బంగారమా? గంత గట్టిగ పట్టుకున్నవ్" అంది. "నా బిడ్డ పని" అన్నాను. ఆమె తన సంచి జరిపి నా కాళ్లకు చోటిచ్చింది.

ల్యాబులో ఒక పెద్దాయన డబ్బాను గుర్తుపట్టాడు.

"మేడమ్ రాలేదా? ఆమె అయితే మేం తూచేదాక గా బెంచి మీదనే కూసుంటుండె. మధ్యల వచ్చి, అయ్యిందా అని సతాయిస్తుండె."

"ఆమె లేదయ్యా. నేను తల్లిని. నేనూ గా బెంచి మీదనే కూసుంట."

ఆయన డబ్బాను రెండు చేతులతో అందుకున్నాడు. తర్వాత మాకు చాయ్ తెప్పించి, లోపలికి పోయాడు. నేను ఆ బెంచి మీద కూర్చున్నాను. రాళ్ల తూకం సరిగ్గా ఉందన్న కాగితం చేతికొచ్చేదాకా ఏడవలేదు. వచ్చాక కూడా ఏడవలేదు, రైలు టైమైంది.

తర్వాతి ఆదివారం ప్రార్థన కాగానే గది తలుపు నేనే తీశాను. బల్లను ఆ అమ్మాయి ఒక పక్క, నేను ఒక పక్క పట్టి వేశాం. అధ్యక్షుడు సారు వస్తారనుకోలేదు. అందరికంటే ముందు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఎండలు మండుతున్నా గది నిండిపోయింది.

మొదట బంగారం పనిచేసే ఒకాయన తన చిన్న తరాజు పెట్టాడు. సారు పట్టకారుతో అన్నింటికంటే చిన్న రాయిని తీసి దాని మీద ఉంచారు. ముల్లు నిలవడం లేదు. సారు తల పైకెత్తి చూసి, లేచి పోయి ఫ్యాను ఆపేశారు. అందరి ముఖాల మీద చెమట కారుతోంది. చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి కూడా కొంగుతో విసరలేదు. ముల్లు ఇటు, అటు, ఇంకొంచెం ఇటు ఊగుతోంది. ఫ్యాను వేయమని ఒక్కరూ అనలేదు. అందరూ ఊపిరి బిగబట్టి, అది ఎక్కడ ఆగుతుందా అని చూస్తున్నారు.